మా అభ్యర్థి గారి పొదుపు

మొన్న వైశాఖంలో మా పక్కింటాయన కూతురి పెళ్లి భీమవరంలో చేశాడు. మండపం, పూలు, డ్రోన్ కెమెరా, వెయ్యి మందికి భోజనాలు, వచ్చినవాళ్లందరికీ తాపేశ్వరం కాజా పెట్టె. 40 లక్షలు దాటింది. రొయ్యల చెరువు తాకట్టులో ఉంది. నాకైతే జాలేసింది. ఆ పెళ్లేదో మా ఎమ్మెల్యే అభ్యర్థి గారి చేతిలో పెట్టాల్సింది.

మన రాష్ట్రంలో అసెంబ్లీకి పోటీ చేసేవారి ఖర్చు పరిమితి కూడా 40 లక్షలే. 2014లో 28 లక్షలుండేది, 2022లో ఇంత చేశారు. మా కోనసీమలో ఒక్కో నియోజకవర్గానికి సుమారు రెండు లక్షల ఓటర్లు. అంటే తలకి 20 రూపాయలు. దాంతో పునుగులు వస్తే చట్నీ రాదు. మా అభ్యర్థి గారు మాత్రం కార్ల వరస, ఫ్లెక్సీలు, రోజూ బిర్యానీ అన్నీ కానిచ్చి, ఇంకా మిగిల్చినట్టు లెక్క చూపించారు. ఏదైనా ఎక్కువైనట్టు కనిపిస్తే అది పార్టీ ఖర్చట. పార్టీ సొంతంగా చేసే ప్రచారానికి చట్టంలో హద్దు లేదు. పక్కింటాయన కూతురికి సంబంధం చూశాడు గానీ ముందో పార్టీ చూసుకోలేదు.

చందాల సంగతీ అంతే. పేరు బయటపడకుండా పార్టీలకు చందా ఇచ్చే ఎలక్టోరల్ బాండ్లను 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేస్తే మా చెరువు గట్ల మీద ఎవరూ కంగారు పడలేదు. ఇక్కడ అభిమానానికి బాండు పేపరెందుకు, గోనెసంచీ చాలు. ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే పార్టీలు ఒకరి దగ్గర 2,000కు మించి నగదు తీసుకోకూడదని చట్టం. మా వీధిలో ఓటర్లు 2,000కు తగ్గితే తీసుకునేది లేదంటున్నారు.

పోలింగ్ ముందు రోజు రాత్రి బండి మీద ఒక కుర్రాడొచ్చాడు. చేతిలో ఓటరు లిస్టు, చెవిలో పెన్సిలు.

"బాబాయ్ గారూ, మీ ఇంట్లో నాలుగు కదండీ?"

"ఐదురా. కోడలు కూడా ఉంది."

"ఆవిడ కువైట్‌లో ఉన్నారండి. టికెట్ తీసుకోలేదటండి, కనుక్కునే వచ్చాను."

పెన్సిలుతో నాలుగు టిక్కులు పెట్టుకుని వెళ్లిపోయాడు. జనాభా లెక్కలు ఇలాంటివాడికి అప్పగిస్తే రెండు రోజుల్లో తేలిపోతాయి.

ఫలితం వచ్చిన 30 రోజుల్లో ప్రతి అభ్యర్థీ ఖర్చుల లెక్క దాఖలు చేయాలి. చేయకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత. మా అభ్యర్థి గారు గడువులోపే ఇచ్చేశారు. టీకి అధికారులు కట్టిన రేటు ప్రకారం ప్రతి కప్పూ రాశారు.

సెంటర్లో టీ కొట్టాయన్ని అడిగాను, డబ్బులు వచ్చాయా అని.

"ఆయ్, ఇచ్చేసినట్టు రాశారటండి," అన్నాడు, అరువు పుస్తకంలో ఆ పేజీ తీసి చూపిస్తూ.