సవరణ: క్రూయిజ్ ఎక్కే రోజు టైమింగ్, సామాన్లు

తిరుపతి నుంచి మొదటిసారి క్రూయిజ్‌కి వెళ్లేవాళ్ల కోసం మొన్న పెట్టిన పోస్టులో "ఓడ కదిలే టైమ్‌కి గంట ముందు చెన్నై పోర్టుకి చేరితే చాలు" అని ఉంది. అది కొట్టేసుకోండి. టికెట్ మీద ఉండేది ఓడ కదిలే టైమ్. చెక్-ఇన్ మాత్రం దానికి గంట, గంటన్నర, కొన్నిట్లో ఇంకా ముందే మూసేస్తారు, ఆ తర్వాత గేటు దగ్గర ఎంత బతిమాలినా ఎక్కనివ్వరు. 140 కిలోమీటర్లే కదా అని పొద్దున బయల్దేరి, పుత్తూరులో టిఫిన్ చేసి, చెన్నై ట్రాఫిక్‌లో ఇరుక్కుని టెన్షన్ పడటం కంటే ముందు రోజు రాత్రికే అక్కడుండటం మేలు.

పెద్ద బ్యాగ్ పోర్టులో ఇచ్చేయాలన్నది సరే. కానీ అది గదికి రావడానికి కొన్ని గంటలు పట్టొచ్చు, కాబట్టి పాస్‌పోర్టు, బీపీ షుగర్ మాత్రలు చేతి సంచిలోనే. ఇస్త్రీ పెట్టె, కెటిల్ స్కానింగ్‌లో పట్టేస్తారు. ఇంట్లో పెట్టిన ఆవకాయ కూడా చాలా ఓడల్లో రానివ్వరు (మా ఇంట్లో దీనికే ఎక్కువ బాధపడ్డారు).

సేఫ్టీ డ్రిల్‌కి (ప్రమాదం వస్తే ఏం చేయాలో ప్రయాణికులకు నేర్పే సాధన) "వీలైతే వెళ్లండి" అని రాశాను, అది తప్పనిసరి. 2012 జనవరిలో ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ ఓడ ఒరిగిపోయినప్పుడు, అప్పుడే ఎక్కిన చాలామందికి డ్రిల్ జరగనే లేదు. అందుకే 2015 నుంచి ఓడ కదలకముందు గానీ, కదిలిన వెంటనే గానీ చేయించాలని అంతర్జాతీయ నియమం.