మా చెల్లి ఇంకా చదువుకోవడం లేదు, ఉద్యోగం చేస్తోంది

మొన్న నరసన్నపేటలో పెళ్లికి వెళ్లాం. టిఫిన్ల దగ్గరే మొదలైంది. "ఏటమ్మా, ఇంకా చదువుతున్నావేటి? నీతోటోళ్లంతా ఇళ్లు కూడా కొనేసుకున్నారు" అని మా పెద్దమ్మ. పక్కనుంచి మావయ్య, "పీహెచ్‌డీ అయిపోయిందన్నారు కదా, మళ్లీ ఈ పోస్ట్‌డాక్ ఏటి?" చెల్లి నవ్వి ఊరుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. పెళ్లింట్లో గొడవెందుకని అప్పుడు నోరు మూసుకున్నాను, అందుకే ఇక్కడ రాస్తున్నా.

పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన చేయడానికి జీతమిచ్చే ఉద్యోగం. రెండేళ్లకో మూడేళ్లకో అయిపోతుంది, మళ్లీ ఇంకోచోట వెతుక్కోవాలి. ఆ టెన్షన్ తనకి చాలు, మనం కలపక్కర్లేదు.

తను చేసేది ఆల్జీబ్రాయిక్ జామెట్రీ, టోపాలజీ, అంటే సమీకరణాల్ని ఆకారాలుగా చూసి, ఆ ఆకారాల చిల్లులూ గట్రా లెక్కపెట్టే లెక్కలు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను కాబట్టి ఎంతో కొంత అందుతుంది. ఆ రోజే విస్తట్లో గారె పట్టుకుని టెన్త్ చదివే మా అబ్బాయికి చెప్తోంది: వై స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టు ఎక్స్ క్యూబ్ మైనస్ ఎక్స్ తీసుకో, సంకీర్ణ సంఖ్యల్లో, అంటే కాంప్లెక్స్ నంబర్స్‌లో, దాని సాధనలన్నీ పోగేసి, అనంతం దగ్గర ఒక్క బిందువు కలుపు, అచ్చం ఈ గారె ఆకారం వస్తుంది, లోపలి పిండి కాదురా, పైన కరకరలాడే పొర ఉంది చూడు, అది. ఒక చిల్లు. నాలుగో డిగ్రీ సమీకరణమైతే, ఎక్కడా మొన తేలకుండా నున్నగా ఉంటే, మూడు చిల్లులు. రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నాయా, అకరణీయ సంఖ్యల్లో, అంటే భిన్నాలుగా రాయగలిగేవాటిలో, దాని సాధనలు పరిమితమే. చిల్లులు లెక్కపెట్టి సమీకరణం సంగతి చెప్పేయడం! పాతికేళ్లుగా లెక్కలు చెప్తున్నా, నాకే ఒళ్లు గగుర్పొడిచింది.

సాధనలు పరిమితమే అన్న ఈ మాట 1922లో మోర్డెల్ అనే గణితవేత్త ఊహించాడు. 1983లో ఫాల్టింగ్స్ రుజువు చేశాడు. మధ్యలో 61 ఏళ్లు. "ఎప్పటికి తేలుతుందమ్మా" అని అడిగేవాళ్లు ఆ అంకె ఒకసారి చూడండి.

మనకీ ఈ లెక్కలకీ ఏం సంబంధం అంటారేమో. మన జిల్లావాళ్లకి వాల్తేరంటే పెద్దాసుపత్రి, లేదంటే ఎగ్జామ్ సెంటర్. అదే వాల్తేరులో, ఆంధ్రా యూనివర్సిటీలో పనిచేసిన ఎస్. మీనాక్షిసుందరం 1949లో ప్లేయెల్‌తో కలిసి వంపు తిరిగిన తలాల గురించి ఒక పేపరు రాశారు. పాతికేళ్లు తిరక్కుండానే ఆ దారిలోనే, ఆకారాలకీ వాటి మీది సమీకరణాలకీ లంకె వేసే అతియా-సింగర్ సిద్ధాంతానికి కొత్త రుజువు వచ్చింది. ఇక చెల్లి పనంతా 1965లో మన దేశపు గణితవేత్తలే నరసింహన్, శేషాద్రి నిరూపించినదాని చుట్టూనే. ఒక తలం మీద ప్రతి బిందువు దగ్గరా ఒక వెక్టర్ స్పేస్ అంటించినట్టుండే వెక్టర్ బండిల్స్‌లో ఆల్జీబ్రా ప్రకారం 'స్టేబుల్' అనేవాటికీ, ఆ తలం చిల్లుల చుట్టూ తిరిగొచ్చే దారులకీ ఉన్న చుట్టరికం అది.

ఉపయోగం ఏంటంటారా, మీ వాట్సాప్ మెసేజ్‌కి తాళం వేసేదాంట్లో ఇలాంటి ఎక్స్ క్యూబ్ సమీకరణమే ఉంది. కానీ ఈ జవాబు చెప్పడం నాకిష్టం లేదు. తాళం కోసం ఎవరూ దాన్ని మొదలుపెట్టలేదు.

ఇంటికొస్తే చెల్లి పాత క్యాలెండర్ కాగితాల వెనకవైపు రాస్తుంది. తప్పు పోతే కనబడకుండా కొట్టేయదు, సన్నగా ఒక్క గీత గీస్తుంది. అడిగితే, "ఎక్కడ తప్పానో రేపు చూసుకోవాలి కదన్నయ్యా" అంది. మొన్నటి దాకా ఎనిమిది నెలలు ఒకే లెమ్మా, అంటే పెద్ద రుజువుకి మెట్టులాంటి చిన్న ఫలితం, పట్టుకుంది. ఒక్క ఉదాహరణ ఎదురొచ్చి అది మొత్తం పడిపోయింది. రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోరోజు పొద్దున్న మళ్లీ అరుగు మీద కూర్చుంది. ఈ ఎనిమిది నెలలూ ఖాళీగా ఉన్నట్టా? పెద్దమ్మా, మావయ్యా, తనని ఈసారి "ఏ లెక్క దగ్గర ఆగావమ్మా" అని అడగండి, చెప్తుంది, ఓపిగ్గా, గారె దగ్గర్నుంచి మొదలుపెట్టి.

నిన్న ఆమదాలవలసలో రైలెక్కించి వచ్చాను. ఇంటికొచ్చి చూస్తే ఆగస్టు కాగితం అరుగు మీదే ఉండిపోయింది. గీతలన్నీ కనబడేలా ఫొటో తీసి పంపాను.