సవరణ: ఎరుపు, ఊదా ఫ్రీక్వెన్సీలు తారుమారయ్యాయి

కాంతి రంగుల గురించి మొన్న రాసిన పోస్టులో "ఎరుపు తరంగదైర్ఘ్యం ఎక్కువ కాబట్టి దాని ఫ్రీక్వెన్సీ కూడా ఎక్కువే" అన్నాను. అది తప్పు: తరంగదైర్ఘ్యం (ఒక్కో అల పొడవు) ఎక్కువైతే ఫ్రీక్వెన్సీ (సెకనుకు వచ్చే అలల సంఖ్య) తక్కువ. పరీక్షకు చదువుకునే పిల్లలు దాన్ని నోట్సులోకి ఎక్కించుకుని ఉంటే దయచేసి కొట్టేయండి.

శూన్యంలో ఏ విద్యుదయస్కాంత తరంగమైనా (కాంతి, రేడియో అలలు, ఎక్స్-రేలు అన్నీ ఇవే) సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగంతోనే వెళ్తుంది. వేగం మారదు కాబట్టి అల పొడవు పెరిగితే సెకనుకు వచ్చే అలల సంఖ్య తగ్గి తీరాలి. 700 నానోమీటర్ల (నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లో వంతు) ఎరుపు సెకనుకు దాదాపు 428 లక్షల కోట్ల సార్లు కంపిస్తే, 400 నానోమీటర్ల ఊదా 750 లక్షల కోట్ల సార్లు కంపిస్తుంది.

ఇది ఇంట్లో రేడియోతోనే తెలుస్తుంది. విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 837 వేల అలలు. 3 లక్షల కిలోమీటర్లను ఆ 837 వేలతో భాగించండి, ఒక్కో అల 358 మీటర్లు! అదే హైదరాబాద్ ఎఫ్ఎం 101.9 మెగాహెర్ట్జ్‌కి మూడు మీటర్ల లోపే. పాత సెట్ల డయల్ మీద మీటర్లు ఒక పక్కకి, కిలోహెర్ట్జ్‌లు ఎదురు పక్కకి పెరుగుతుండేవి, గుర్తుందా? ఎక్స్-రేలకైనా ఇదే లెక్క.

ఇంకోటి. నీళ్లలోకి వెళ్లినప్పుడు కాంతి వేగం, తరంగదైర్ఘ్యం తగ్గుతాయి గానీ ఫ్రీక్వెన్సీ మారదు. పాత పోస్టులో దీని గురించి రాసిన వాక్యం కూడా సరిచేశాను.