గొర్రె చచ్చాకే రోగం ఉన్నట్టా?

మా గొర్రెకు వచ్చింది నీలినాలుక వ్యాధో కాదో తేల్చమని రక్తం ఇచ్చాం. ఇప్పుడే పశువుల ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "సార్, మీరు పంపిన శాంపిల్ పాడైంది, మళ్లీ తీయించండి" అన్నారు. ఎవరి దగ్గర తీయించాలి? ఆ రక్తం ఇచ్చిన గొర్రెను మా చిన్నాయన చెరువు కట్ట కింద బొంద తవ్వి పూడ్చేశాడు. ఆ మాటే చెప్పాను. "అయ్యో, అట్లనా? అయితే వేరేదానిది తీయించండి" అంది ఆ గొంతు, ఏమాత్రం తొణకకుండా. వేరేదానిది తీయాలంటే ముందు అది జబ్బు పడాలి కదా. పడుతుంది లెండి. మీకు పని లేకుండా పోతుందేమోనని మా మంద కూడా బెంగ పెట్టుకుంది.

చేతులు వణుకుతున్నాయి కోపంతో. రేపటికి చల్లారిపోతానేమో, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

మాది దేవరకొండ వైపు. ఈసారి వానలు గట్టిగానే పడ్డాయి, ఊరి చుట్టూ ఎక్కడ చూసినా నీళ్లే. పొద్దున దొడ్డి తడిక తీయగానే మంద మొత్తం ఒక్క ఉరుకున బయటికి వస్తుంది. ఆ రోజు ఒక పొట్టేలు, రెండు ఈనిన గొర్రెలు వెనకే నిలబడిపోయాయి. తల కిందికి వేలాడేసి, నెమరు లేదు. మూతి నుంచి తీగలా చొంగ. పెదవులు వాచి ముక్కు దాకా నున్నగా మెరుస్తున్నాయి. చెవి పట్టుకుంటే కాలుతోంది. పొట్టేలు ముందు కాలు ఆనించలేక పోతోంది, గిట్ట పైన చర్మం ఎర్రగా కమిలింది. చిన్నాయన దాని పెదవి పైకెత్తి లోపల పుండు చూసి, "మూతి వాపురా ఇది. అప్పట్ల మన మందను ఊడ్చుకపోయిందే, గదే" అన్నాడు. ఐదో తరగతి కూడా దాటని మనిషి. ఒక్క నిమిషంలో, మొదటి రోజే చెప్పాడు.

చదువుకున్న పశువుల డాక్టరు వచ్చి ఏమన్నాడో చూడండి. "నాలుక నీలంగా లేదు కదా, అది కాదు తియ్యి. ఇంకో నాలుగైదు పడితే చెప్పుండ్రి, అప్పుడు పైకి రాస్తం."

ఇంకో నాలుగైదు పడితే! అంటే పైకి రాయడానికి కాగితం ఖరీదు నాలుగైదు గొర్రెలన్నమాట. మా చిన్నాయన మూతి వాపు అన్నది ఈ నీలినాలుక వ్యాధినే. ఇందులో నాలుక నీలం కావడం అన్నింటిలో కనపడదు, కొన్నింటిలోనే. ముందు వచ్చేది జ్వరం, మూతి వాపు, నోట్లో పుండ్లు, ముక్కు కారడం, కుంటడం. ఇది ఏ పశువైద్య పుస్తకం తెరిచినా ఉంటుంది. నాలుక రంగు మారేదాకా కూర్చుంటే, అప్పుడు పిలవాల్సింది డాక్టరును కాదు, బొంద తవ్వేవాళ్లను.

సరే, నేను గొడవ పడితే మర్నాడు రక్తం తీశారు. ఊదా రంగు మూత ఉన్న చిన్న గాజు గొట్టం. దాని మీద బాల్ పెన్నుతో నంబరు రాస్తే చెమట చేతికి అంటుకుని సగం చెరిగిపోయింది. ఐస్ డబ్బా ఏది సార్ అంటే, "మీ ఊళ్లో ఫ్రిజ్ ఉన్నోళ్లు లేరా?" అని ఎదురు ప్రశ్న. బస్టాండు దగ్గర కూల్ డ్రింకుల కొట్టుకు ఉరికి, స్టీలు టిఫిన్ డబ్బాలో ఐస్ ముక్కలు వేయించుకుని, గొట్టాన్ని కవర్లో చుట్టి అందులో పెట్టి ఇచ్చాను. బండి ఎక్కాక ఏం చేశారో తెలుసా? "నీళ్లు కారుతున్నయ్, సీటు ఖరాబైతది" అని గొట్టం తీసి డ్యాష్‌బోర్డు మీద పెట్టి, డబ్బా నా చేతికి తిరిగిచ్చారు. మిట్ట మధ్యాహ్నం. ఆ ఎండలో రక్తం విరగకపోతే ఆశ్చర్యపోవాలి. ఇప్పుడు నాకు ఫోన్ చేసి "పాడైంది" అని కబురు చెప్తున్నారు, అదేదో వాతావరణం చేసిన పాపమైనట్టు.

శాంపిల్‌కి ఎందుకింత రాద్ధాంతం అనే మేధావుల కోసం. ఈ వైరస్‌లో ఒక రకం కాదు, ఇరవైకి పైగా రకాలున్నాయి. మన దగ్గర వాడే టీకా ఐదు రకాలకు మాత్రమే: 1, 2, 10, 16, 23. ఆ టీకా తయారయ్యేది ఎక్కడో కాదు, మన హైదరాబాద్‌లోనే. ఈ ఏడు మా చెరువు కింద తిరుగుతున్నది ఏ రకమో తెలియాలంటే రక్తం చల్లగా, చెడకుండా ల్యాబుకు చేరాలి. చేరదు. చేరకపోతే ఆ రకం లేనట్టే లెక్క. లేని రోగానికి టీకా ఎందుకు, పరిహారం ఎందుకు, ఫైలెందుకు? ఎంత హాయి!

ఈ రోగం దోమ కాటుతో పాకుతుందని నేను రాస్తే, మొన్న ఒకాయన ఆ పోస్టు కింద "బ్రో, అది దోమ కాదు, మిడ్జ్" అని పాఠం చెప్పాడు. తెలుసు బ్రో. క్యులికాయిడ్స్ అంటారు, కంట్లో పడే నుసుమంత ఉంటుంది, ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు, మామూలు దోమతెర కన్నంలోంచి కూడా దూరిపోతుంది. పేడ కలిసిన బురదలో పుడుతుంది, పొద్దు గూకేటప్పుడు, తెల్లవారు జామున కుడుతుంది. మా దొడ్డి పక్కన ఆ బురద ఎంతుందో వచ్చి చూసిపో బ్రో. కుట్టేది ఏదైతేనేం, చచ్చేది మా జీవమే. ఎద్దులకు, బర్రెలకు వచ్చే మూడు రోజుల జ్వరానికి దోమలూ ఇవీ రెండూ కారణం. పశువుల ఒంటి మీద గడ్డలు లేపే లంపీకి దోమలు, కుట్టే ఈగలు, పిడుదులు. పిల్లలకు వచ్చే జపాన్ మెదడువాపు జ్వరం దోమల ద్వారా పందుల్లో పెరిగి మనుషుల దాకా వస్తుంది. పందికి పైకి పెద్దగా ఏమీ కనపడదు. కాబట్టి పందుల రక్తం ముందే చూస్తే ఊళ్లో పిల్లలకు ముప్పు ఉందో లేదో ముందే తెలుస్తుంది. ఆ పని ఎవరైనా చేయగా మీరు చూశారా? పంది కనపడితే మున్సిపాలిటీ వాళ్లు పట్టుకుపోయి ఊరవతల వదిలేయడం తప్ప.

డెంగీ సంగతి చూడండి. పట్టణంలో ఒక్క కేసు పేపర్లో వస్తే చాలు, సాయంత్రానికి పొగ మిషన్ వీధిలో ఉంటుంది, వెనకాల ఫోటోగ్రాఫర్ ఉంటాడు. మా దగ్గర మందలు మందలే వాలిపోతే జిల్లా ఎడిషన్‌లో మూల వార్త కూడా రాదు. గొర్రెకు ఓటు లేదు కదా. గొల్లకురుమలకు ఉంది, దాన్ని వాడుకునే టైములో బాగానే వాడుకుంటారు.

ముందస్తు హెచ్చరికలు లేవా అంటే, ఉన్నాయి! బెంగళూరు యలహంకలో నివేది అని కేంద్ర సంస్థ ఉంది. ఏ జిల్లాలో ఏ పశువ్యాధి రావచ్చో రెండు నెలల ముందే అంచనా వేసి చెప్తారు. నీలినాలుక కూడా ఆ జాబితాలో ఉంది. పాపం వాళ్ల పని వాళ్లు చేస్తున్నారు. ఆ అంచనా బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తుంది, హైదరాబాద్ నుంచి జిల్లాకు వస్తుంది, జిల్లాలో అడుగు బయట పెట్టదు. దొడ్డి దాకా వచ్చి "ఈ కార్తెలో జాగ్రత్త, పొద్దు గూకకముందే జీవాలను మెరక మీదికి తోలండి, వేపాకు పొగ వేయండి, ఏదైనా మూతి వాస్తే అదే రోజు ఈ నంబరుకు చెప్పండి" అన్నవాడు ఒక్కడు లేడు. మా వాట్సాప్ గ్రూపులోకి వచ్చేవన్నీ నట్టల మందు తాగించే ఫోటోలు. ఒక గొర్రె, చుట్టూ పన్నెండు మంది, కండువాలు. గొర్రె ముఖంలో ఒక్కదానిలోనే నిజాయితీ కనపడుతుంది.

ఆస్ట్రేలియాలో కొన్ని పశువులను ఇందుకోసమే ఎంచి పెట్టుకుని, ఆరోగ్యంగా ఉన్నప్పుడే వాటి రక్తం చూస్తూ ఉంటారు. పక్కనే దీపం బోన్లు పెట్టి ఏ పురుగు ఎక్కడిదాకా వచ్చిందో లెక్క రాసుకుంటారు. మాకు అంత వద్దు. థర్మాకోల్ డబ్బా ఒకటి, రెండు ఐస్ ప్యాకులు. డ్రోన్లు, ఏఐ అని హైదరాబాద్ హోటళ్లలో సదస్సులు పెడతారు కదా, ఆ భోజనాల్లో ఐస్‌క్రీమ్ డబ్బాలు మిగులుతాయి. అవి పంపినా చాలు.

ఇంకో మాట. పాల కేంద్రంలో ప్రతి ఇంటి లెక్కా పూటపూటకూ రాస్తారు. మూడు రోజుల జ్వరం ఊళ్లోకి వచ్చిందంటే మొదట పడేది పాలే. నిన్న ఆరు లీటర్లు పోసినావిడ ఇవాళ రెండు పోస్తుంది, ఆ పక్కింటామె అసలు రాదు. ఒకే వాడలో నాలుగిళ్ల పాలు ఒక్కసారి పడిపోతే అక్కడ ఏదో జరుగుతోందని ఆ పుస్తకమే చెప్తుంది, రక్త పరీక్ష కంటే ముందే. ఆ పుస్తకాన్ని ఎవరైనా పశువుల డాక్టరుకు చూపిస్తారా? చూపించరు. వెన్న శాతం కోసి డబ్బులు తగ్గించడానికైతే అణువణువూ చదువుతారు.

చట్టం కూడా ఉందండోయ్. 2009లో పార్లమెంటు చేసింది. జబ్బు అనుమానం వస్తే యజమాని గ్రామ అధికారికో పంచాయతీకో చెప్పాలి, వాళ్లు దగ్గర్లోని పశువైద్యునికి రాతపూర్వకంగా తెలపాలి. మా చిన్నాయన చెప్పాడు. పంచాయతీ ఆఫీసులో "రాసిస్తే తీసుకుంటం" అన్నారు. ఆయనకు రాయడం రాదు. చెప్పినందుకు ఆయనకు దక్కింది ఏంటంటే, వార్త పాకి బేరగాళ్లు రావడం మానేశారు, వచ్చిన ఒకడు ఆరోగ్యంగా ఉన్న పొట్టేలుకు కూడా సగం ధర అడిగాడు. ఇక ఎవడు చెప్తాడు? మూతి వాచిందని తెలిసిన రాత్రే బండెక్కించి పెబ్బేరు సంతకో ఇంకో సంతకో తోలేసేవాళ్లు తెలివైనవాళ్లు అనిపించుకుంటారు. రోగం గురించి చెప్పినవాడికి నష్టం, దాచినవాడికి లాభం. ఈ ఏర్పాటు పెట్టుకుని "రైతుల్లో అవగాహన లేదు" అని ఉపన్యాసాలు.

ఈ రాష్ట్రం గొర్రెల్లో దేశంలోనే నంబర్ వన్. 2019 లెక్కల్లో కోటీ తొంభై లక్షలు. ఆ నంబరు ఫ్లెక్సీల మీద ఎంత పెద్దగా వేసుకున్నారో గుర్తుందా? నంబర్ వన్ అనగానే నాకు 2017 గుర్తొస్తుంది, కడుపు మండుతుంది. సర్కారు గొర్రెల పంపిణీ పథకం: ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ. వేరే రాష్ట్రాల నుంచే కొనాలన్నారు. మా ఇంటికొచ్చినవి రాత్రిపూట లారీలోంచి దించారు. దాహానికి నాలుకలు బయట పెట్టి, కొన్ని నిలబడలేక. వాటిని నాలుగు రోజులు విడిగా కట్టేయండి, ఏ ఊరి రోగం తెచ్చాయో చూద్దాం అన్న పాపాన పోలేదు ఎవరూ. దించారు, ఫోటో దిగారు, సంతకం పెట్టించుకున్నారు, పోయారు. వారం తిరగకముందే దగ్గు మొదలై మా పాత మందకు కూడా అంటింది. మా అమ్మ ముక్కుపుడక కుదువ పెట్టి కట్టిన వాటా డబ్బు అది.

తర్వాత 2024లో ఈ పథకం మీద, సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ రిపోర్టు బయటికొచ్చింది కదా, చదివారా? గొర్రెలను తెచ్చినట్టు చూపిన బండ్ల నంబర్లు వెతికితే బైకులు, ఆటోలు, అంబులెన్సులు తేలాయి. బైకు మీద గొర్రెల మంద! వెనక కూర్చున్న గొర్రెకు హెల్మెట్ పెట్టారో లేదో రిపోర్టులో లేదు. ఒకే చెవి ట్యాగు నంబరు మళ్లీ మళ్లీ రావడం ఇంకో ముచ్చట. నవ్వుకుని వదిలేసే సంగతి కాదిది. రోగం ఎక్కడ పుట్టింది, ఏ సంత మీదుగా వచ్చింది అని వెనక్కి వెతకాలంటే ఆ ట్యాగే ఆధారం. ఒక్క నంబరు మీద ఎన్నో గొర్రెలు తిరిగిన చోట రోగాన్ని ఎవడు పట్టుకుంటాడు? తిన్నది మా సబ్సిడీ ఒక్కటే అనుకున్నాం, రేపటి రోగాల ఆచూకీ కూడా తినేశారు.

"ఇన్సూరెన్స్ చేయించాల్సింది" అని రాయబోతున్నవాళ్లు కాసేపు ఆగండి. ట్యాగు కావాలి, ఫోటో కావాలి, శవపరీక్ష కాగితం కావాలి. శవపరీక్షకు డాక్టరు వచ్చేదాకా చచ్చిన గొర్రె కుళ్లకుండా ఓపిక పట్టాలి. పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయమనేవాళ్లకు కూడా దండం. బండి వస్తుంది, సూది వేస్తారు, మంచి పిల్లలే. నియోజకవర్గం మొత్తానికి ఒక బండి పెట్టి ఏ గొర్రెకని చూస్తారు వాళ్లు మాత్రం?

నేను ఒక పని మొదలుపెడుతున్నా. నల్లగొండ, పాలమూరు, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు మీ మందలో గాని పక్క మందలో గాని మూతి వాపు, కుంటడం, చొంగ కనపడితే ఈ పోస్టు కింద రాయండి. మండలం, ఏ రోజు మొదలైంది, మందలో ఎన్ని, అందులో ఎన్నింటికి వచ్చింది. మనిషి పేరు, ఊరు పేరు వద్దు, బేరగాళ్లు చదువుతారు. అన్నీ ఒక కాగితం మీదికి ఎక్కించి కలెక్టరేట్ ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకుంటా. ఫోటో పెట్టేవాళ్లు పగటి వెలుతురులో తీయండి, పెదవి పైకెత్తి లోపలి వైపు కనపడేట్టు.