సవరణ: షేర్లు తగ్గినా సొమ్ము తగ్గదు

ఓ కంపెనీ రూపాయి ముఖ విలువ (షేరు మీద రాసి ఉండే విలువ, మార్కెట్ ధర కాదు) గల పది షేర్లను కలిపి పది రూపాయల షేరు ఒకటి చేస్తే మదుపరి సొమ్ము పదో వంతవుతుందని మొన్న రాశాను. అది తప్పు. అది చదివి పర్లాకిమిడిలో మా పక్కింటి మాస్టారు డీమ్యాట్ (షేర్లుండే ఎలక్ట్రానిక్ ఖాతా) కాగితం పట్టుకుని కంగారుగా వచ్చారు. మన్నించాలి. ఆయనవి 237 షేర్లు, ధర 12 రూపాయలు, మొత్తం 2,844. కలిపాక 23 షేర్లు, మార్కెట్ కదలకుంటే ధర 120, అంటే 2,760. మిగిలిన ఏడు పాత షేర్లకు కొత్త షేరు రాదు. సాధారణంగా అలాంటి ముక్కలన్నీ పోగుచేసి అమ్మి, ఎవరి వాటా వారికి నగదుగా ఇస్తారు; ఆయనకు 84 వస్తాయి. పదికన్నా తక్కువ షేర్లున్నవారు మాత్రం వాటాదారులుగానే మిగలరు. నాకు బాధ కలిగించేది అదే.

మూలధనం వాపసు, అంటే కంపెనీ తన మూలధనం తగ్గించుకుని వాటాదారులకు తిరిగిచ్చేది, ‘పన్నులేని సొమ్ము’ అని నేను అన్నదీ పొరపాటే. కంపెనీ కూడబెట్టిన లాభాల మేరకు దాన్ని డివిడెండుగానే (వాటాదారులకు పంచే లాభంగానే) లెక్కించి పన్ను వేస్తారు.