జనవరిలో తిరిగి రానివాళ్లు

సెమిస్టరు మొదలయ్యే వారం అమెరికాలోని మా యూనివర్సిటీ ప్రెసిడెంటు గారి దగ్గర నుంచి ఒక మెయిల్ వస్తుంది. నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక ముగ్గురు ప్రెసిడెంట్లు మారారు. కింద సంతకం మారింది తప్ప పైన ఉత్తరం మారలేదు. పరిశోధన, ఆవిష్కరణ, అంతర్జాతీయ దృక్పథం, కొత్త భవనం, ఈమధ్య కొత్తగా కృత్రిమ మేధ. ఈసారి కూర్చుని లెక్కపెట్టాను. తొమ్మిది ప్రాధాన్యాలు తేలాయి. సెమిస్టరుకు ఉండేదేమో పదిహేను వారాలు. అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్లెవరని మన పెద్దలు ఊరికే అడగలేదు.

నన్నడిగితే జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్ సెమిస్టరుకు ఏ ప్రెసిడెంటుకైనా ఒక్క పని చాలు. ఆగస్టులో వచ్చి, డిసెంబరు దాకా చదివి, జనవరిలో కనిపించకుండా పోయినవాళ్లు ఎవరో, ఎందుకు పోయారో తెలుసుకోవడం. ఆగస్టులో బ్యాండు మేళం ఉంటుంది, పెట్టెలు మోసే తల్లిదండ్రులుంటారు, ఫొటోలుంటాయి. కొత్తగా ఎంతమంది చేరారో పత్రికా ప్రకటన వస్తుంది. జనవరిలో ఎవరి మానాన వాళ్లు కోటు దులుపుకుని క్లాసులోకొచ్చి కూర్చుంటారు. రానివాళ్ల గురించి ప్రకటనలుండవు.

మూడేళ్ల కిందట నా మొదటి సంవత్సరం ప్రోగ్రామింగ్ క్లాసులో ఒక కుర్రాడుండేవాడు. కూర్చోవడం వెనక వరసలోనే గానీ, హోంవర్కు మాత్రం గడువుకు ఒకరోజు ముందే పెట్టేవాడు. బి ప్లస్ వచ్చింది. తర్వాతి కోర్సు కూడా నాదే. జనవరిలో జాబితా తెరిస్తే అతని పేరు లేదు. ఏమైందని మెయిల్ పెడితే తన ఖాతా స్క్రీను ఫొటో తీసి పంపాడు. రిజిస్టర్ బటన్ ఉండాల్సిన చోట ఎర్ర అక్షరాల్లో ‘హోల్డ్’ అని ఉంది. ఫాల్, అంటే ఆగస్టు సెమిస్టరు, ఫీజులో కొంత బాకీ. ఒక మోస్తరు ల్యాప్‌టాప్ ఖరీదు కూడా చేయదు.

పట్టుకుని తిరిగాను. బాకీ తీరితే గానీ హోల్డ్ తీయం అన్నారు ఫీజుల ఆఫీసులో. రిజిస్టర్ అయితే గానీ సహాయం డబ్బు విడుదల చేయం అన్నారు ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. నేను మాట్లాడిన ఇద్దరూ మంచివాళ్లే, ఎవరి నిబంధన ప్రకారం వాళ్లు సరిగ్గానే చేశారు. ఈలోగా క్లాసు నిండిపోయింది. ఆ కోర్సు మళ్లీ పెట్టేది ఏడాదికి. “ఫాల్‌కి వస్తాను ప్రొఫెసర్” అన్నాడు. రాలేదు.

ఇదే ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదివే పిల్లకో పిల్లాడికో జరిగితే పోయేది చదువొక్కటే కాదు, వీసా హోదా కూడా. బ్యాచిలర్స్ విద్యార్థి మామూలుగా సెమిస్టరుకు కనీసం 12 క్రెడిట్లు తీసుకోవాలి. సెమిస్టరు మొదలైన 30 రోజుల్లోగా ఆ రిజిస్ట్రేషన్‌ని యూనివర్సిటీ సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల వివరాలుంచే ప్రభుత్వ కంప్యూటరు వ్యవస్థలో, నమోదు చేయాలి. ఎర్ర అక్షరాల హోల్డ్ తీయించుకోవడానికి ఉన్న వ్యవధి మహా అయితే ఆ నెల్లాళ్లే. ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామంది ఆ దారిన వచ్చినవాళ్లే, నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీలో ఒకప్పుడు ఫీజు పూర్తిగా కట్టలేదని సెమిస్టరుకు వెయ్యి మందికి పైగా పేర్లు కొట్టేసేవారు. మార్క్ బెకర్ ప్రెసిడెంటుగా ఉండగా 2011లో అక్కడ చిన్న బాకీలు తీర్చే పాంథర్ రిటెన్షన్ గ్రాంట్లు మొదలుపెట్టారు. అందులో నాకు నచ్చింది డబ్బివ్వడం కాదు, విద్యార్థి దరఖాస్తు పెట్టుకోనక్కర్లేకపోవడం. బాకీల జాబితా ముందేసుకుని, కాస్త చెయ్యందిస్తే గట్టెక్కేవాళ్లెవరో ఆఫీసువాళ్లే ఏరి తీస్తారు. సగటున ఒక్కొక్కరికి 900 డాలర్ల దాకా అయ్యేది. మరుసటి ఏడు, 2012 నుంచి, ఒక్కో విద్యార్థి విషయంలో 800కు పైగా ప్రమాద సూచనలను కంప్యూటరు రోజూ గమనించే ఏర్పాటు చేశారు. ఆరేళ్లలో డిగ్రీ పూర్తిచేసేవాళ్లు 2003లో అక్కడ నూటికి 32 మంది. 2014 నాటికి 54 మంది.

ఈ కథ విని చాలామంది సాఫ్ట్‌వేర్ కొనడానికి పరిగెత్తారు. జార్జియా స్టేట్ దాంతోపాటు 42 మంది అడ్వైజర్లను కొత్తగా తీసుకుంది. ఆ సంగతి బ్రోషర్లలో చిన్న అక్షరాల్లో వేస్తారు కాబోలు. కంప్యూటరు గంట కొట్టగలదు. ఫోన్ తీసి “ఏమ్మా, ఏమైంది?” అనడానికి మనిషి కావాలి.

ప్రెసిడెంటు గుమాస్తా కాదు కదా, చట్టసభతో మాట్లాడాలి, దాతలను కలవాలి, ఫుట్‌బాల్ కోచ్ జీతం సంగతి చూడాలి అంటారు మా సహోద్యోగులు. నిజమే. కాలిఫోర్నియా యూనివర్సిటీకి ప్రెసిడెంటుగా చేసిన క్లార్క్ కెర్, పార్కింగ్ దొరకదన్న ఉమ్మడి ఫిర్యాదు ఒక్కటే అధ్యాపకులందరినీ కలిపి ఉంచుతోందని 1963లోనే హాస్యమాడాడు. అలాంటి చోట అందరినీ ఒక్క తాటి మీద నడిపించడం మాటలు కాదు. కానీ నా విద్యార్థి విషయంలో రెండు ఆఫీసులూ ఎవరి గిరి వాళ్లు గీసుకుని కూర్చున్నాయి. ఆ గిరులు రెండూ చెరపగల అధికారం క్యాంపస్ మొత్తం మీద ఒక్క కుర్చీకే ఉంది. డీన్‌కి లేదు, నాకసలే లేదు.

ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకు తొందర లేకపోవడానికి ఒక కారణం నాకు తోస్తుంది. డిగ్రీ పూర్తి చేసినవాళ్ల లెక్కను ఆరేళ్లకు చూడటం 1990 నాటి చట్టంతో వచ్చింది. ప్రెసిడెంట్లు తమ కుర్చీలో ఉన్న కాలమేమో సగటున 5.9 ఏళ్లని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ 2023లో విడుదల చేసిన సర్వే చెప్పింది. 2006లో అది 8.5 ఏళ్లు. అంటే ప్రెసిడెంటు గారు వచ్చిన రోజున చేరిన పిల్లల ఫలితం తేలేసరికి ఆయన ఇంకో ఊళ్లో ఇంకో మెయిల్ రాస్తుండొచ్చు. భవనానికైతే రెండేళ్లలో రిబ్బను కత్తిరించొచ్చు.

అందుకే ఆరేళ్ల అంకె వద్దు, ఆరు వారాల అంకె చూడమంటాను. ఫిబ్రవరి మధ్యకల్లా ప్రెసిడెంటు బల్ల మీద ఒక కాగితం ఉండాలి. డిసెంబరులో పాసై జనవరిలో రానివాళ్లు ఎంతమంది? అందులో బాకీ వల్ల ఆగినవాళ్లెందరు, ఎంత బాకీకి? మన సంఘాల సభలకు యూనివర్సిటీ ప్రెసిడెంట్లను, డీన్లను పిలిచి వేదిక మీద కూర్చోబెడుతుంటాం, ఉమ్మడి ప్రాజెక్టుల గురించి చప్పట్లు కొడతాం. ప్రశ్నల సమయంలో ఎవరైనా ఒకరు లేచి ఆ కాగితం గురించి అడిగితే బాగుంటుంది. మనలో స్కాలర్‌షిప్పులిచ్చే దాతలు కూడా పేరు చెక్కిన పలకతో పాటు ఈ హోల్డుల నిధి గురించి కూడా ఆరా తీయొచ్చు.

ఈ సెమిస్టరు నా జాబితాలో ఇద్దరు తగ్గారు. ఒకమ్మాయి వేరే కాలేజీకి మారింది. రెండో అతనికి సోమవారం మెయిల్ పెట్టాను. ఇవాళ గురువారం. సాయంత్రం ఫోన్ చేయాలి.