చదువు చెప్పే దురలవాటు

గోదావరి డెల్టాలో సిస్టర్లు నడిపే ఒక మహిళా కళాశాల గురించి, ప్రజాహితం కోరి, కొన్ని చేదు నిజాలు రాయవలసి వస్తోంది. పేరు చెప్పను. చెబితే అక్కడ చదివిన ఆడపిల్లలు ఊరుకోరు. చుట్టుపక్కల బడుల్లో పంతులమ్మలు చాలామంది వాళ్లే. ఆవరణలో మరియమాత గుహ ఉంది, పూలకుండీలు వరుస తప్పవు, ఫైళ్ల మీద కాయితం చీటీలు వంకర పోవు. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఒక్కటే లోపం. అక్కడ కొందరు అధ్యాపకురాళ్లు ఇప్పటికీ పాఠం చెబుతున్నారు.

మొక్కుబడిగా చెబితే క్షమించవచ్చు. గంట కొట్టాక కూడా చెబుతున్నారు. అర్థం కాని పిల్లను భోజనాల వేళ స్టాఫ్‌రూముకు పిలిచి, క్యారియర్ మూత పక్కన పెట్టి మరీ చెబుతున్నారు. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఇంగ్లిషు మాధ్యమంలోనే సాగాలని ప్రభుత్వం నిర్ణయిస్తే, ఒక ఫిజిక్స్ మేడమ్ పుస్తకంలో ఉన్నది ఇంగ్లిషులో చదివి, తలుపు దగ్గరగా వేసి, అదే తెలుగులో వివరిస్తోందట. తలుపు వేసిందంటే తప్పని తెలిసే చేస్తోందన్నమాట.

ఈ జబ్బుకు మందు లేక కాదు. 1994లో యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) కళాశాలలకు గ్రేడు కట్టే నాక్ సంస్థను స్థాపించింది. కళాశాలను 7 ప్రమాణాల మీద తూచి 4కు ఎన్ని పాయింట్లో తేలుస్తూ వచ్చారు, 3.51 వస్తే ఎ డబుల్ ప్లస్, గేటు మీద ఫ్లెక్సీ. దానికి కావలసింది ఆధారాలు. సెమినారు జరిగితే ఫోటో, ఫోటో మూలన అక్షాంశ రేఖాంశాలు, కింద హాజరైనవారి సంతకాలు, దాని వెనుక నివేదిక. ఇవన్నీ సమకూరిస్తే సెమినారు జరిగినట్లు. ఎవరైనా ఏమైనా విన్నారా అన్న గడి నాకు ఏ నమూనాలోనూ కనిపించలేదు, ఉండవలసిన అవసరమూ లేదు.

పైగా ప్రతి కోర్సుకూ ఫలితాలు, అంటే చదివాక పిల్లకు ఏం వస్తుందో, ముందే రాసి, ఒక్కొక్క ఫలితం డిగ్రీ లక్ష్యాల్లో దేనికి ఎంత తోడ్పడుతుందో గడుల్లో 1, 2, 3 అంకెలతో చూపాలి. తెలుగు మేడమ్‌కు ఛందస్సు దగ్గర చిక్కొచ్చింది. గురులఘువులు గుర్తించడం ఏ ఉద్యోగ నైపుణ్యం కిందికి వస్తుంది? రెండు రోజులు ఆలోచించి ‘డేటా విశ్లేషణ’ గడిలో 3 వేసింది. అభ్యంతరం చెప్పినవారు లేరు. ఇలాంటి ప్రతిభ ఉన్న మనిషి తిరిగి తరగతికి వెళ్లి పద్యం రాగయుక్తంగా చదవడం మానవ వనరుల దుర్వినియోగం కాదా?

2023-24లో మూడు సబ్జెక్టుల డిగ్రీ పోయి ఒకే మేజర్ (ప్రధాన సబ్జెక్టు) వచ్చింది. రెండో సెమిస్టర్ నుంచి మైనర్ తోడవుతుంది. జువాలజీ చదవాలని వచ్చిన పిల్లకు మొదటి సెమిస్టర్ అంతా పరిచయాలతోనే సరిపోతుంది. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పట్టవలసింది జువాలజీ మేడమ్‌ను.

ఈవిడ పిల్లలను ఒక రొయ్యల చెరువు గట్టుకు తీసుకెళ్లింది. ఆ చెరువుకు కాపలా ఉండేది తరగతిలోనే ఒక పిల్ల తండ్రి. ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతుంటే చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని చెక్కపలకల మీద నడిచి, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగించి, ఒక వనామీ రొయ్యను ఎండకు ఎత్తి పట్టుకుంది. వీపు పొడవునా నల్లని గీతలా కనిపించేది పేగు. అది నిండుగా ఉంటే మేత తింటోంది, తెగిపోయి ఖాళీగా కనిపిస్తే ఏదో తేడా వచ్చింది. పిల్లలందరూ తలొక రొయ్యా పట్టుకు చూశారు. ట్రేలో మేత ఇంకా మిగిలి ఉందంటే రేపటి మేత తగ్గించాలని కాపలా నాయన చెబితే మేడమ్ కూడా రాసుకుంది. అందరి చేతులూ తడి, ఫోన్లు సంచుల్లో. ఒక్క ఫోటో లేదు. కనుక ఆ యాత్ర జరగలేదు. జరగని యాత్ర నుంచి పిల్లలు నేర్చుకున్నది ఎక్కడ నమోదు చేయాలో ఎవరికీ తెలియలేదు.

ఎకనామిక్స్ మేడమ్ కేసు ఇంకా గడ్డు. వేసవిలో 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టు కింద నరసాపురం వైపు పిల్ల ఒకతి సర్వే చేసి తెచ్చింది. తన తల్లి వృత్తి దగ్గర ‘గృహిణి’ అని రాసింది. మేడమ్ సంతకం పెట్టలేదు. “మీ అమ్మ లేసు అల్లుతుంది కదమ్మా?” అంది. అల్లుతుంది; దారం ఏజెంటు ఇస్తాడు, అల్లినది అతనే పట్టుకెళ్తాడు, డబ్బు అతను చెప్పినంత. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, అల్లిన చేతికే ఇంకా రాలేదు. ఒక టేబుల్ క్లాత్‌కు ఎన్ని గంటలు పడుతుందో, గంటకు ఎంత గిడుతుందో పిల్ల చేతనే బోర్డు మీద లెక్క కట్టించింది. వచ్చిన అంకె ఉపాధి హామీ కూలి దరిదాపులకు కూడా పోలేదు. ఈ రాద్ధాంతంలో మూడో యూనిట్ ఒక రోజు వెనకబడింది. వెనకబడినట్లు రికార్డులో ఉంది. లెక్క మాత్రం డస్టర్‌తో తుడిచేశారు.

సిస్టర్ల ఓర్పు మెచ్చుకోవాలి. పాపసంకీర్తనం చేసినవారిని, అంటే తప్పు ఒప్పుకున్నవారిని, మన్నించే సంప్రదాయం వాళ్ల చర్చిది. కానీ మన్నింపుకు ముందు పశ్చాత్తాపం ఉండాలి కదా, ఈ మేడమ్‌లలో అది మచ్చుకైనా లేదు. కనుక నా సూచన ఇది: నాక్ బృందం వచ్చే నాటికి పాఠం చెప్పే అధ్యాపకురాళ్లను గుర్తించి, మెమో ఇచ్చి, లిఖితపూర్వకంగా సంజాయిషీ తీసుకోవాలి. జువాలజీ మేడమ్‌ను నోటిమాటగా అడిగి చూశారట. సంజాయిషీ రాస్తానంది గాని గడువు కావాలంది. మూడో గంట, నాలుగో గంట ఆవిడకు క్లాసులు ఉన్నాయట.